పేజీ లోపలికి చూసే ముఖం

ఫిబ్రవరి 4, బుధవారం

మా యాడ్ ఏజెన్సీకి కొత్త ప్రాజెక్టు వచ్చింది. మళ్ళీ అపార్ట్‌మెంట్లే. మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ నీలం, మళ్ళీ సోఫాలో కూర్చుని కారణం లేకుండా నవ్వే కుటుంబం. రాజీనామా మెయిల్ ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. పంపుదామని తెరిచి, కామాలు సరిచేసి, మూసేశాను.

ఈసారి పనిలో కాస్త విషయం ఉంది. ఇప్పటిదాకా బ్రోషర్ ఒకళ్ళు, వెబ్‌సైట్ ఇంకొకళ్ళు చేసేవాళ్ళం. ఒకే ఇల్లు కాగితం మీద క్రీమ్ రంగులో ఉండేది, తెర మీద తెల్లగా ఉండేది. ఈసారి రెండూ కలిపి నన్నే చేయమన్నారు మా బాస్ మేడమ్. ఆవిడ సిద్ధాంతం ఒకటే. ఇల్లు కొనేటప్పుడు పెద్దవాళ్ళు కాగితం బల్ల మీద పరుచుకుని గదులు వేలితో కొలుస్తారట. పిల్లలు ఫోన్‌లో చూస్తారట. రెండూ ఒకే మాట చెప్తేనే ఇంట్లో గొడవ లేకుండా సంతకం పడుతుందట. కాగితం ఒకటి చెప్పి తెర ఇంకోటి చెప్తే కొనేవాడి సంగతి తర్వాత, ముందు నాకే నీ మీద అనుమానం వస్తుంది అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వెబ్ పని చూసే మా డెవలపర్ మాత్రం నవ్వలేదు. అతనికి ఆఫీసులో పేరు లింకు. దేన్ని చూసినా దేనికో ఒకదానికి కలపాలంటాడు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా, దీనికి క్యూఆర్ ఎక్కడ అని అడిగే రకం.

ఇంటికొచ్చేసరికి అక్క, అమ్మ మాట్లాడుకోవడం మానేసి నన్ను చూసి టీ పెట్టమన్నారు. అంటే డెంటిస్ట్ సంగతే.

ఫిబ్రవరి 5

డెంటిస్ట్ గురించి రాసుకోవాలి.

తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన సంబంధం. సొంత క్లినిక్, శుభ్రమైన చేతులు, శుభ్రమైన మాటలు. అక్క ల్యాబ్‌లో పనిచేస్తుంది, రోజంతా సూక్ష్మదర్శినిలో రక్తం చూస్తుంది. దేనికైనా టైమ్ కావాలంటుంది, దీనికీ అంతే. వాళ్ళవైపు సరేనన్నారు, ఈయన తన నోటితో ఇంకా ఏమీ అనలేదు. ఇద్దరూ కొన్నాళ్ళు కలిసి మాట్లాడుకుని అప్పుడు చెప్తామన్నారు. ఆదివారాలు కాఫీ షాపుల్లో కలుస్తున్నారు.

ఎలా ఉన్నాడే అని నేనడిగితే అక్క చాలాసేపు ఆలోచించింది. మంచివాడే అంది. కానీ ఎదురుగా కూర్చుంటే నన్ను చూస్తున్నాడో నా వెనక గోడని చూస్తున్నాడో తెలియడం లేదంది. గోడ మీద మెనూ బోర్డు ఉంటే ధరలు చూస్తున్నాడేమో అన్నాను. దిండు విసిరింది. తర్వాత మామూలు గొంతుతో, నిజంగానే అదొక్కటి తెలిస్తే చాలే, మిగతావన్నీ నాకు నచ్చాయి అంది.

ఫిబ్రవరి 9, సోమవారం

బిల్డర్ మోడల్స్ ఖర్చు కొట్టేశాడు. నెట్‌లో దొరికే ఫొటోలు పెట్టుకోమన్నాడు. ఆ నెట్ కుటుంబం ఇప్పటికే ఊళ్ళో రెండు ప్రాజెక్టుల్లో కాపురం ఉంటోంది, ఒక బ్యాంకులో లోన్ కూడా తీసుకుంది. మేడమ్ తల పట్టుకున్నారు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. బుద్ధి లేని ఆలోచనలన్నీ నాకు టీ తాగుతుండగానే వస్తాయి.

అక్క, డెంటిస్ట్ ఎలాగూ ఆదివారం కలుస్తారు. ఆ కలిసేదేదో కొనేవాళ్ళకి చూపించే శాంపిల్ ఫ్లాట్‌లో కలిస్తే, మేం ఫొటోలు తీసుకుంటే? ఏసీ ఉంది, సోఫా ఉంది, పక్క టేబుల్ వాళ్ళు మాటలు వినరు. అక్క ముందు ఛీ అంది. తర్వాత ఏ చీర అని అడిగింది. డెంటిస్ట్ వెంటనే ఒప్పుకున్నాడట, బ్రోషర్లు కొన్ని తన క్లినిక్‌లో పెట్టుకోవచ్చా అని మాత్రం అడిగాడట. అమ్మ పొంగిపోయింది. పెళ్ళికి ముందే కాపురం చూసే భాగ్యం ఏ తల్లికి దక్కుతుంది అంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

శాంపిల్ ఫ్లాట్ అంటే భలే ఇల్లు. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల ఏమీ లేదు, వైరు కూడా లేదు. టీవీ అట్టముక్క. పుస్తకాల అరలో పుస్తకాల వెన్నులే ఉన్నాయి, పుస్తకాలు లేవు. మంచం మామూలు మంచంకంటే చిన్నది, గది పెద్దగా కనబడాలని.

మా ఫొటోగ్రాఫర్ కెమెరా అన్న రెండు స్టాండులు పెట్టి, ఒక కెమెరాతో ఫొటోలు తీస్తూ ఇంకోదాంతో వీడియో తిప్పుతూనే ఉన్నాడు. అక్కని కిటికీ పక్కన భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఖాళీ కప్పు చేతికిచ్చి తాగమన్నాం. డెంటిస్ట్‌ని పక్కనే నిలబెట్టాం.

అక్క బాగా నవ్వింది. మా అక్క అంత అందంగా ఉంటుందని నాకు ఇరవై నాలుగేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. డెంటిస్టూ నవ్వాడు. పళ్ళు బాగున్నాయి. కానీ ఆమె వైపు చూడండి అని కెమెరా అన్న చెప్పినప్పుడల్లా చూసేవాడు, క్లిక్‌మనే లోపల చూపు జారి కిటికీలోకో గోడ మీదికో పోయేది. బలవంతం ఏమీ లేదు. బస్సులో సీటు ఖాళీ చేసి ఇచ్చినట్టు, ఎంతో మర్యాదగా పక్కకి తప్పుకునేది.

మధ్యలో ఒకసారి ఫోన్ మోగింది. తీసి చూసుకున్నాడు. అప్పుడు నవ్వాడు. అది వేరే నవ్వు. నేను చూశాను. అన్న ఆ టైమ్‌లోనూ క్లిక్ కొడుతూనే ఉన్నాడు. తర్వాత అక్క ఏదో అడిగితే ఫోన్ జేబులో పెట్టి తలెత్తాడు. తలెత్తేసరికి ఆ నవ్వు లేదు.

దారిలో అక్క అడిగింది. నువ్వు బయటినుంచి చూశావు కదా, ఎలా ఉన్నాం అని. ఎండ ఎక్కువగా ఉందని చెప్పి కిటికీ అద్దం దించాను.

ఫిబ్రవరి 18, మధ్యాహ్నం

మధ్య పేజీలు రెండూ కలిపి ఒకే ఫొటో. అదే బ్రోషర్‌కి గుండెకాయ. వెబ్‌సైట్ తెరవగానే వచ్చేదీ అదే.

అక్క అద్భుతంగా వచ్చిన ఫ్రేమ్ ఒకటుంది. అందులో డెంటిస్ట్ బయటికి చూస్తున్నాడు, పేజీ అంచు దాటి. మేడమ్ చూడగానే పనికిరాదన్నారు. పేజీలో ముఖం లోపలికే చూడాలి. ముఖం బయటికి చూస్తే చదివేవాడూ బయటికే పోతాడు, వాడి వెనకే మన కమిషనూ పోతుంది అన్నారు. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు. ఈ పనిలో ఇదే పెద్ద బాలశిక్ష.

మిగతా ఫ్రేములన్నీ వెతికాను. ఆయన సరిగ్గా లోపలికి, అక్క కూర్చున్న వైపుకి చూస్తున్నది ఒక్కటే ఉంది. ఫోన్ చూసుకుంటున్నది.

స్టాండు కదల్లేదు, వెలుతురు మారలేదు. ఆ ఫ్రేములో తల తీసి ఈ ఫ్రేములో భుజాల మీద పెట్టాను. మెడ దగ్గర నీడ సరిచేశాను. చేతిలో ఫోన్ లేదిక. ఫోన్ మీద పడాల్సిన చూపు వచ్చి అక్క నుదుటి మీద, పాపిట పక్కన చెదిరిన జుట్టు మీద పడింది.

ఎంత బాగుందో. చేసింది నేనే అయినా కాసేపు నమ్మేశాను.

ఫిబ్రవరి 19

మేడమ్ చూసి, చూపంటే ఇదీ అన్నారు. బిల్డర్ అయితే ఈ అబ్బాయికి రెండు ఫ్లాట్లు అమ్మొచ్చు అన్నాడట.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ప్రెస్‌లో ప్రూఫ్ చూశాం. తెర మీద బంగారంలా ఉన్న ఎండ కాగితం మీద పాత పసుపుగుడ్డలా వచ్చింది. తెర లోపలినుంచి వెలుగుతుంది, కాగితం ఎవరో వెలుగు వేస్తేనే కనబడుతుంది, ఎప్పుడూ ఉండే గొడవే ఇది. ఎరుపు కాస్త పెంచి మళ్ళీ తీయించాం. ఈసారి అక్క చెంప బతికింది.

ప్రెస్ ఆయన షీటు పైకెత్తి పట్టుకుని, కొత్తగా పెళ్ళయినవాళ్ళా అని అడిగాడు. ఇంకా కాలేదన్నాను. అయితే త్వరగా చేసెయ్యండి, అబ్బాయి ఆగేలా లేడు అన్నాడు.

ప్రింట్‌కి ఇచ్చేశాం.

మార్చి 4, బుధవారం

బ్రోషర్ ఇంటికి తెచ్చాను. తేకుండా ఉండాల్సింది.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ముందు వెనక్కి తిప్పి, గ్యాస్ లైను ఉందా లేదా చదివి, అప్పుడు మధ్య పేజీ తెరిచింది. అయ్యో అంది. మంచి అయ్యో. అక్కా అంటూ నేను ఏదో చెప్పబోయాను. అక్క అప్పటికే పేజీ తనవైపు లాక్కుంది.

చాలాసేపు చూసింది. స్లయిడ్ చూసినట్టు చూసింది. తర్వాత నన్నడిగింది, ఇది ఎప్పుడు తీశారే, నేను గమనించలేదు అని. నువ్వు కప్పు వంక చూస్తున్నావు కదా అన్నాను.

అది నిజమే. ఆ ఒక్క ముక్కే నిజం. దాన్నే ముందుకు తోసి వెనక దాక్కున్నాను.

అవును, నేను చూడనప్పుడు చూస్తాడన్నమాట అంది అక్క. ఎవరితోనూ కాదు, తనలో తనే.

మార్చి 6, శుక్రవారం

అక్క సరేనంది.

ఉదయం టిఫిన్ దగ్గర, ఉప్పు అందుకుంటూ చెప్పింది. అమ్మా, వాళ్ళకి ఫోన్ చేసి సరేనని చెప్పు, అంతే. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తర్వాత ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. నేనూ మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, బాగా గట్టిగా మాట్లాడాను.

సాయంత్రం వాళ్ళు తిరిగి ఫోన్ చేశారు. అబ్బాయి కూడా సరేనన్నాడట.

అంటే ఆయనకీ ఇష్టమే కదా. అలాంటప్పుడు నేను చేసిందేముంది? నాలుగు రోజుల తర్వాత చూడబోయే చూపుని కాస్త ముందుగా తెచ్చాను, అంతేగా.

మార్చి 7

అంతేగా అని నిన్న రాశాను. అంత కాదు.

మార్చి 11, బుధవారం

లింకు కొత్త ఐడియాతో వచ్చాడు. మధ్య పేజీ ఫొటో మూల ఒక క్యూఆర్ ఎలాగూ అచ్చయి ఉంది. ఇప్పుడది మామూలు హోమ్ పేజీకి పోతోంది. అలా కాకుండా, ఫోన్ పెట్టగానే అదే ఫొటో కదలాలి. కాగితం మీద బొమ్మ తెర మీద బతకాలి. మేడమ్ కుర్చీలోంచి లేచారు. ఇన్నాళ్ళకి కాగితం, వెబ్‌సైట్ కాపురం చేస్తున్నాయి అన్నారు.

ఆ బల్ల దగ్గర తీసిన వీడియో మొత్తం పంపమన్నాడు లింకు. చూసి పంపుతానన్నాను.

భోజనాల టైమ్‌లో అందరూ వెళ్ళాక ఆ వీడియో చూశాను. అందులో అన్నీ ఉన్నాయి. ఫోన్ మోగడం, తీయడం, ఆ నవ్వు, సరిగ్గా నేను కోసి అతికించిన వంపులోనే తల. తర్వాత అక్క అడగడం, తలెత్తడం, నవ్వు ఆరిపోవడం. ఫొటో ఒక్క క్షణం కాబట్టి అబద్ధం చెప్పగలిగింది. వీడియోకి ముందు వెనకలున్నాయి.

అక్క నవ్వుతున్న మొదటి ముక్క మాత్రం కోసి పంపాను. కర్టెన్ కదులుతుంది, అక్క జుట్టు కదులుతుంది, ఆయన సగం భుజం. ఇంతేనా అన్నాడు లింకు. సింపుల్‌గా బాగుంటుందన్నాను. సింపుల్ అంటే మీకు బద్ధకం అని అర్థం అన్నాడు.

మార్చి 15, ఆదివారం

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. అక్క ఇస్త్రీ చేస్తోంది, అమ్మ మార్కెట్‌కి వెళ్ళింది. ఇంతకంటే మంచి సమయం రాదు.

అక్కా అన్నాను. ఊఁ అంది. ఆ ఫొటో ఉంది కదా అన్నాను. అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, నీకో సంగతి చెప్పనా నవ్వకూడదు అంది. నిన్న ఆయన్ని కలిసినప్పుడు కావాలనే తను కాసేపు మెనూ చదువుతున్నట్టు నటించిందట. తను చూడనప్పుడు ఆయన చూస్తాడు కాబట్టి. చూశాడా అని అడిగాను. ఏమో, నేను తలెత్తలేదుగా, తలెత్తితే ఆపేస్తాడు అంది. సిగ్గుపడుతూ అంది. ముప్పై ఒకటో ఏట మా అక్క సిగ్గుపడింది.

నవ్వకూడదంది కాబట్టి నవ్వలేదు. చెప్పనూ లేదు. లంగా ఇస్త్రీ చేస్తావా అని నాది కూడా ఇచ్చాను.

మార్చి 20, శుక్రవారం

హాలు బుక్ చేశారు. అమ్మ పాత స్నేహితురాళ్ళందరికీ బ్రోషర్ చూపిస్తోంది. శుభలేఖ ఇంకా అచ్చవలేదు కాబట్టి ప్రస్తుతానికి ఇదే అంటోంది. ఫ్లాట్ కొన్నారా అని ఒకావిడ అడిగితే, అల్లుణ్ణి కొన్నాం అందట.

ఇవాళ నేనొక పని చేశాను. పిరికి పని, కానీ ఏదో ఒక పని.

సైట్‌లో ఆ చిన్న ముక్క తీసేసి వీడియో మొత్తం పెట్టాను. ఇక బ్రోషర్ మీద ఫోన్ పెట్టి చూసినవాళ్ళకి అంతా కనబడుతుంది. కాగితం మార్చలేను, అది ఊరంతా పంచేశారు. తెర మార్చడం ఒక్క క్లిక్కు. అక్క ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ పెట్టి చూస్తుంది. చూసి తనే తెలుసుకుంటుంది. నేను నోరు తెరవక్కర్లేదు.

లింకు గమనించాడు. ఏంటి, క్లిప్ పెరిగింది అన్నాడు. నాచురల్‌గా ఉంటుందన్నాను. భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

మార్చి 24, మంగళవారం

అక్క చూడలేదు. ఫొటో తన అలమర తలుపు లోపల అంటించుకుంది. మూల ఉన్న ఆ నలుపు తెలుపు చుక్కల డబ్బా ఆమెకి కనబడినట్టే లేదు. నీ ఫోన్ పెట్టి చూడకూడదూ, కదులుతుంది అన్నాను. ఇది కదలకుండానే బాగుంది అంది.

మేడమ్ చెప్పిందే నిజం. కొందరు కాగితాన్నే నమ్ముతారు.

మార్చి 26, గురువారం, ఆఫీసులో

డెంటిస్ట్ ఫోన్ చేశాడు. అక్కకి కాదు, నాకు. వీలైతే ఒకసారి క్లినిక్‌కి రండి, మీ ఒక్కరే అన్నాడు. గొంతులో కోపం లేదు. దానికే భయం వేసింది.

అదే రోజు, సాయంత్రం

పేషెంట్లు వెళ్ళిపోయాక లోపలికి పిలిచాడు. ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు. పళ్ళు పీకే కుర్చీలోనే కూర్చోబెట్టి, అలవాటుకొద్దీ పైన దీపం వేశాడు. సారీ చెప్పి ఆపాడు. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

బ్రోషర్లు బయట గదిలో పెట్టుకున్నాడు కదా. ఎదురుచూస్తూ ఒక పేషెంట్ ఫోన్ పెట్టి చూసి, డాక్టరుగారూ మీరు సినిమాల్లో కూడా ఉన్నారే అన్నాడట. ఈయనా చూశాడు. చూడగానే అర్థమైందట.

ఆ చూపు ఎప్పటిదో నాకు తెలుసండీ అన్నాడు. నేను తల దించుకున్నాను.

తనే చెప్పాడు. కాలేజీలో ఒకమ్మాయి ఉండేదట. జరగలేదట. ఆమెకి పెళ్ళయి చాలాకాలమైంది, మాటల్లేవు. ఆ రోజు ఉన్నట్టుండి ఒక మెసేజ్. వాళ్ళ పాపకి మొదటి పాలపన్ను ఊడిందట. అరచేతిలో పన్ను పెట్టుకుని ఫొటో తీసి, కొత్తది వంకరగా రాదు కదా అని అడిగిందట. రాదని జవాబిచ్చాను, అంతేనండీ, ఇంకేం లేదు అన్నాడు.

నమ్మాను. ఇంకేం లేదు. ఆ నవ్వుకి ఆ అంతే చాలు.

అసలు సంగతి తర్వాత చెప్పాడు. అక్కకి సరేననడానికి ఆయనా వెనకాడుతూనే ఉన్నాడట. మంచి మనిషి, కానీ ఒక మనిషిని మళ్ళీ అలా చూడడం తన వల్ల కాదేమోనని అనుమానమట. అప్పుడు వాళ్ళమ్మ బ్రోషర్ తెచ్చి ముందు పడేసిందట. ఇలా చూస్తూ కూడా ఆలోచిస్తానంటావేంట్రా అందట. ఆయన ఆ పేజీ చూసి, ఓహో, నాకు తెలియకుండానే చూశానన్నమాట, ఇంకా నాలో ఉందన్నమాట అనుకున్నాడట. అందుకే సరేనన్నాడట.

ఇద్దరూ ఆ పేజీనే చూశారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అన్నాడు. నేనే చెప్తానన్నాను. చూపు గురించి మీరు చెప్పండి, మెసేజ్ గురించి నేను చెప్తాను అన్నాడు. వాటాలు పంచుకున్నాం. గుమ్మం దాకా వచ్చి, తల అతికించినట్టు అస్సలు తెలియలేదండీ, చాలా బాగా చేశారు అన్నాడు. ఎగతాళి కాదు. అలాంటి మనిషే ఆయన. మా అక్కకి మిగతావన్నీ ఎందుకు నచ్చాయో అప్పుడు తెలిసింది.

మార్చి 27, శుక్రవారం

చెప్పాను.

డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే చెప్పాను. మొదటి ముక్క వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. అక్క క్లిప్పులు తీసి గిన్నెలో వేస్తూనే ఉంది. పూర్తయ్యాక, అసలు ఫొటో చూపించమంది. ఫోన్‌లో రెండు ఫ్రేములూ చూపించాను. తర్వాత కిందికెళ్ళి, అలమర తలుపు తెరిచి, మొదటిసారి ఆ చుక్కల డబ్బా మీద ఫోన్ పెట్టింది. వీడియో చూసింది. మళ్ళీ చూసింది. తను ఏదో అడిగే చోట, ఆయన తలెత్తే చోట ఆపింది. అక్కడ నేనేం అడిగానో తెలుసా అంది. టీ ఉందనుకుని తాగెయ్యనా అని అడిగిందట, జోకు వేసిందట.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

చూపు ఆయనది, ఎటు చూసుకుంటే నీకేంటి, తిప్పడానికి నువ్వెవరివి అంది. ఆయన మీద ఒక్క మాట లేదు. నేను తెలుసుకుందామనుకున్నది ఒకే ఒక్కటి, అది నీకు చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు, నువ్వు దాన్నే దిద్దిపెట్టావు అంది. నేను సరేనంటుంటే ఎదురుగా కూర్చుని తిన్నావు కదే అంది.

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పేజీ కోసమే అక్కా, నీకోసం అనుకుని చేయలేదు అన్నాను. అంటే ఇంకా ఘోరంగా ఉంటుందని అన్నాకే తెలిసింది.

మార్చి 28, శనివారం

డెంటిస్ట్‌తో అక్కే మాట్లాడింది. గది తలుపు వేసుకుంది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నిజమైన నవ్వు. ఆ నవ్వు విని నాకు ఎక్కడలేని ఆశ పుట్టుకొచ్చింది.

బయటికొచ్చి వద్దనుకున్నాం అంది.

ఆయన ఇంకొన్నాళ్ళు కలుద్దాం, మొదటినుంచి మొదలెడదాం అన్నాడట. మరేంటి అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ ఏడుస్తూ లోపలికి వెళ్ళాక, అక్క నా వైపు చూడకుండా చెప్పింది. నువ్వు ఆ చూపు తిప్పకుండా ఉంటే, ఎప్పుడో ఒక రోజు ఆయనే నా వైపు తిరిగేవాడేమో. ఇప్పుడు ఆయన నిజంగా చూసినా నేను నమ్మలేను. మెడ దగ్గర అతుకు వెతుక్కుంటాను అంది.

ఏప్రిల్ 2, గురువారం

అమ్మ అక్కనే అంటోంది. ఎంచి ఎంచి చివరికి ఏమీ లేకుండా చేసుకుందట. అక్క పడుతోంది. నా సంగతి అమ్మకి చెప్పలేదు.

ఇవాళ నేనే చెప్పాను. అమ్మకి ముందు అర్థం కాలేదు. తల తీసి పెట్టడమేంటే, మనిషి తలా అంది. అర్థమయ్యాక కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. మీ అక్క నీకు నడక నేర్పిందే అంది. అంతే. ఇంకేదైనా అని ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 9, గురువారం

మేడమ్‌కి చెప్పి సైట్‌లో ఫొటో మార్చాను. ఇద్దరినీ తీసేసి ఖాళీ బల్ల, కిటికీ, ఎండ ఉంచాను. లింకు వీడియో తీసేశాడు. ఎందుకని అడగలేదు, లింకు మొదటిసారి దేనికీ దేన్నీ కలపలేదు. కాగితం మీద ఒకటి, తెర మీద ఒకటి అయిపోయింది కదా అని మేడమ్ గొణిగారు. గొణిగి, ఇంటికి తొందరగా వెళ్ళమన్నారు.

బస్‌స్టాప్‌లో ఒకాయన మా బ్రోషర్ విసనకర్రలా ఊపుకుంటున్నాడు. ఊపినప్పుడల్లా అక్క, ఆయన. అక్క, ఆయన. రెండు బస్సులు వదిలేశాను, ఆయన వెళ్ళేదాకా.

ఏప్రిల్ 12

అలమర తలుపు లోపల టేపు మరకలు నాలుగు.

ఏప్రిల్ 19, ఆదివారం

అక్క వెళ్ళిపోయింది. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబ్‌లో ఉద్యోగం. ముందే వచ్చిందట, పెళ్ళి అనుకుని వద్దనుకుందట. మళ్ళీ అడిగితే ఇచ్చారట. అంటే ఆ పేజీ చూసి వదులుకున్నవాటిలో ఇది కూడా ఒకటి. నాకు ఇవాళే తెలిసింది, అదీ అమ్మకి చెప్తుంటే విని.

స్టేషన్‌కి వస్తానన్నాను. సామాను ఎక్కువ లేదు, ఆటో చాలు అంది. పెట్టె కిందికి దించడానికి మాత్రం పట్టనిచ్చింది. మెట్ల మీద నేను వెనక, తను ముందు. మలుపు దగ్గర మెల్లగా, గోడ తగులుతుంది అంది. మూడు వారాల తర్వాత నాతో సూటిగా అన్న మాట. దాన్నే పట్టుకుని గేటు దాకా దిగాను.

ఆటో ఎక్కాక అమ్మకి చెయ్యి ఊపింది. అమ్మ పక్కన నేనున్నాను. కొంత నాకూ తగిలిందనుకుంటాను.

ఏప్రిల్ 30

రాజీనామా పంపుదామని తెరిచాను. పంపితే, తప్పు చేసినందుకు శిక్ష వేసుకున్నట్టు కనబడుతుంది. చూసేవాళ్ళకి బాగుంటుంది. మూసేశాను.

మే 10, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. అమ్మ స్నానంలో ఉంటే నేనెత్తాను. అమ్మ బీపీ మాత్రల సంగతి అడిగింది. వేసుకుంటోందన్నాను. తిన్నావా అంది. తిన్నానన్నాను. సరే అని పెట్టేసింది.

తినలేదు.

మళ్ళీ నేనే చేసి, అక్కా నేనింకా తినలేదు అని చెప్పాను. అటు ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. తర్వాత, పోయి తిను అంది.